కన్నొకరిది, వేలొకరిది

హోర్నా స్త్రాన్,
సెప్టెంబరు చివరివారం

వాదాల రాణి బ్లాంకకు,

కళాశాల వాదసభలో న్యాయశాస్త్రం ఆచార్యుడికే నోరు పెగలనివ్వలేదట నువ్వు. మీ అమ్మ రాసింది. చిన్నప్పుడు వేసవికి మా ఊరొచ్చినప్పుడు కోళ్ళతో కూడా వాదించేదానివి కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ ఆచార్యుడి మీద జాలి మాత్రం కలిగింది.

ఇక పని మాట. మా షిమోన్ తాత అటక మీద దాచిన పాత మోసిన్ రైఫిలుకు అనుమతి కాగితం చేతికొచ్చింది. వసంతంలో మా వేటగాళ్ళ సంఘం పాత సైనిక రైఫిళ్ళకు పోటీ పెడుతోంది. ఊరి తుపాకులన్నీ బాగుచేసే నేను ఒంటికన్ను తుపాకీతో వెళితే నవ్వుతారు. దీని రెండో కన్ను మీ ఇంట్లో ఉంది కదా. మీ ఇమ్రిఖ్ తాత పెట్టెలో, ఉన్నిగుడ్డలో చుట్టిన దుర్భిణి.

జర్మన్ల మీద తిరుగుబాటు జరిగిన ఏడు ముగిశాక వాళ్ళిద్దరూ ఒక్క తుపాకీని రెండు చేసి చెరొకటి ఎందుకు పంచుకున్నారో ఎవరూ చెప్పరు. ఇక్కడి ముసలాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆ జంటను తలచుకుని నవ్వుతారు. "ఇమ్రిఖ్‌కి కన్నుంది, వేల్లేదు. షిమోన్‌కి వేలుంది, కన్ను లేదు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మొగాడు" అని. మీ తాత చూపుడువేలు రంపపు మిల్లు తినేసింది. మా తాత కళ్ళకు చిన్ననాటి నుంచే పొర. అందుకే ఒకే తుపాకీ వెనుక పక్కపక్కన పడుకుని, ఒకరు దుర్భిణిలో చూస్తే మరొకరు ట్రిగ్గర్ నొక్కేవారట.

అమ్మమ్మను అడిగి పంపు. ఆవిడ సరేనంటేనే పంపు.

నీ సిరిల్ అన్నయ్య


బ్రాటిస్లావా,
అక్టోబరు మొదట్లో

సిరిల్ అన్నయ్యకు,

నీ లేఖలో ఒక కోరికా, ఒక షరతూ ఉన్నాయి. కోరిక మన్నించాను. షరతు గురించి చర్చ అనవసరం. ఎతెల అమ్మమ్మకు అభ్యంతరమేమీ లేదు.

దుర్భిణిని, తుపాకీకి బిగించే దాని ఉక్కు పట్టుతో సహా, నా చలికోటులో చుట్టి పంపుతున్నాను. కోటు నాకు మళ్ళీ కావాలి. ఇక్కడ డాన్యూబు నది మీదుగా వచ్చే గాలికి సిద్ధాంతాలతో పని లేదు. నేను తుపాకుల పక్షం కాదని నీకు తెలుసు. అయితే, ఒక వస్తువును రెండు ఇళ్ళలో దాచి దాని చుట్టూ అర్ధశతాబ్దం పాటు మౌనం పాటించడం వస్తుపూజలో మరీ నాసిరకమైనది. భయాన్ని పెట్టెలో పెడితే చావదు, ఊరుతుంది. విప్పి వెలుతురులో పెట్టడమే దానికి మందు. ఈ వాదాన్ని ఖండించగలిగితే ఖండించు.

గాజు మీద బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. తుడిచాను. పోలేదు. లోపలి వైపు ఉన్నట్టుంది.

బ్లాంక


హోర్నా స్త్రాన్,
అక్టోబరు నెలాఖరు

బ్లాంకకు,

నీ కోటు తిరుగు టపాలో వస్తుంది. జేబులో మా ఆవిడ గసగసాల రొట్టె పెట్టింది.

ఈ దుర్భిణుల సంగతి నీకు కొంచెం తెలియాలి. వీటి లోపల ఒక నల్లటి ముల్లు ఉంటుంది. ఆ ముల్లు కొసన ఏది కనబడితే దాని మీద గురి. పైనున్న చక్రాలు తిప్పితే ముల్లు జరుగుతుంది గానీ, వృత్తం నడిమిని వదిలి పక్కకు పోతుంది. మంచి పనివాడు ముల్లును నడుమనే ఉంచి, పట్టునే ఆకురాయితో అరగదీసి, వెనక సన్నటి రేకు ముక్కలు దోపి, మొత్తం గాజునే తుపాకీ గొట్టం చూపుతో కలుపుతాడు. వేరే తుపాకీ నుంచి వచ్చిన గాజైతే వారాల పని. అందుకు సిద్ధపడే కూర్చున్నాను.

బిగించాను. ఒక్క బిగింపుతో కూర్చుంది. ముల్లు సరిగ్గా నడుమ. నిన్న సాయంత్రం విప్పి ఈ ఉదయం మళ్ళీ పెట్టినట్టు.

తరువాత గొట్టంతో సరిచూడడం. తూటాను లోపలికి తోసి పేల్చే బోల్టు కడ్డీని తీసేసి వెనక నుంచి ఖాళీ గొట్టంలో దూరంగా ఒక గుర్తును చూడాలి. తుపాకీ కదలకుండా గాజులోనూ అదే గుర్తు ముల్లు కొసన ఉందా అని చూడాలి. ఆపైన మళ్ళీ గొట్టంలో చూడాలి, ఈలోగా ఏదైనా కదిలిందేమోనని. గొట్టం, గాజు, గొట్టం. మా తాత నేర్పిన వరుస ఇది. మా అటక కిటికీ లోయ అవతలి హెర్మీనా ఇంటిని నేరుగా చూస్తుంది. ఆవిడ చలికాలానికి చెల్లెలింటికి పట్నం వెళ్ళింది. ఇల్లు తాళం. ఆ తెల్లటి తలుపు మీది ఇనుప కడియాన్ని గుర్తుగా పెట్టుకున్నాను. గుండు లేదు, బోల్టు లేదు, చూపు మాత్రమే, కంగారు పడకు.

గొట్టం కడియాన్ని చూస్తోంది. గాజు మాత్రం దాని పక్కన మెట్టును చూస్తోంది, ఒక మనిషి వెడల్పంత ఎడమకు. రేకు దోపి సరిచేశాను. మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ మెట్టు మీదికే. మళ్ళీ సరిచేశాను. మళ్ళీ మెట్టే. రేకు దోపినచోటే ఉంది, మరలు బిగువుగానే ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం ఆ మెట్టు మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముల్లు కొస అతని రొమ్ము మీద. చూస్తుండగానే టోపీ తీశాడు. తల ఎత్తి గొట్టంలో చూశాను. తలుపు, మెట్టు. ఎవరూ లేరు. గాజులో చూశాను. ఉన్నాడు.

ఇది అమ్మమ్మకు చెప్పకు.

సిరిల్


బ్రాటిస్లావా,
నవంబరు, ఆత్మల దినం మర్నాడు

అన్నయ్యకు,

నిన్న ఇక్కడి శ్మశానమంతా కొవ్వొత్తులు. ఆ వెలుతురులో నీ ఉత్తరం రెండోసారి చదివాను. అయినా బెదరలేదని నమోదు చేస్తున్నాను.

గొట్టం వస్తువును ఉన్నంతే చూపుతుంది, గాజు పెద్దది చేసి చూపుతుంది. కనుక గొట్టంలో కనబడనిది గాజులో కనబడడం వింత కాదు, గాజు ఉన్నదే అందుకు. మెట్టు మీద ఎవరో బిచ్చగాడో బాటసారో నిలబడ్డాడు. నీకు నిద్ర చాలలేదు. ఇంతకన్నా పెద్ద కారణం కావాలంటే సాక్ష్యం కూడా అంత పెద్దదే కావాలి.

మూడు పనులు చెయ్యి. గాజును తుపాకీ మీద నుంచి విప్పి, చేత్తో పట్టుకుని అదే వేళకు చూడు. వదినను పిలిచి, ఏం చూడాలో చెప్పకుండా చూడమను. ఆ మెట్టు దగ్గరికి నడిచి వెళ్ళి అడుగుజాడలు వెతుకు. ఆ తరువాత దెయ్యం గురించి రాస్తే చదువుతాను.

బ్లాంక


హోర్నా స్త్రాన్,
నవంబరు సగమైంది

బ్లాంకకు,

నీ మూడు పనులూ చేశాను.

గాజును విప్పి చేత్తో పట్టుకుని చూస్తే ఎవరూ లేరు. బిగించి చూస్తే ఉన్నాడు. ఉత్త గొట్టంలోనూ లేడు, ఉత్త గాజులోనూ లేడు. రెండూ కలిస్తేనే ఉన్నాడు.

మీ వదినను పిలిచి ఏమీ చెప్పకుండా చూడమన్నాను. చూసింది. "ఎవరయ్యా ఆ మనిషి, ఈ చలిలో టోపీ తీసి నిలబడ్డాడు, చెవులు గడ్డకట్టుకుపోతాయి" అంది. తరువాత కిటికీలోంచి ఉత్త కళ్ళతో చూసి, కిందికి దిగిపోయింది. అప్పటి నుంచి అటక మెట్లెక్కడం లేదు. నాకు భోజనం కింద గంట కొట్టి చెబుతోంది.

లోయ దిగి ఆ ఇంటికి వెళ్ళాను. మెట్టు మీద మంచు పాలమీగడలా చెక్కుచెదరకుండా ఉంది. మెట్టు మీద నిలబడి మా అటక వైపు తిరిగాను. నిలబడగానే, ఇక్కణ్ణుంచి కదలకూడదని ఎవరో చెప్పినట్టు కాళ్ళు బిగుసుకున్నాయి. మా కిటికీ ఒక నల్లటి చుక్కలా కనబడింది.

నేను దాచిన మాట ఒకటి. షిమోన్ తాత పోయేముందు నాతో అన్నాడు: "ఆ తుపాకీని నూనె పెట్టి ఉంచు. దాని కన్ను దానికి పెట్టబోకు." ముసలితనపు మాటనుకున్నాను.

పని ముగించాలంటే ఇక ఒక్కటే మిగిలింది. గురి కుదిరాక మర అంచున సుత్తితో ఒక గాటు కొట్టాలి. ఆ గాటు పడితే మర ఇక తిరగదు. కన్నూ తుపాకీ శాశ్వతంగా ఒకటే. సుత్తి చేతిలో పట్టుకుని పొద్దుట నుంచి కూర్చున్నాను. ప్రతి మధ్యాహ్నం అతను టోపీ తీస్తాడు. అంతకు మించి చూడలేక కళ్ళు తిప్పుకుంటున్నాను. సుత్తి ఎత్తి దించేస్తున్నాను, బ్లాంకా. గాటు కొట్టలేని తుపాకీ పనివాడికి ఎవరు పనిస్తారు? ఏం చెయ్యమంటావు?

సిరిల్


బ్రాటిస్లావా,
నవంబరు, బుధవారం

అన్నయ్యకు,

భయానికి మర్యాద ఇవ్వడం నీ కుటుంబ లక్షణంగా కనబడుతోంది. నీ తాత కారణం చెప్పకుండా నిషేధం విధించాడు. కారణం లేని నిషేధాన్ని తరతరాలు మోయడానికే సంప్రదాయమని పేరు పెట్టుకున్నాం. నేను దాన్ని మొయ్యను, నిన్ను మొయ్యనివ్వను.

వాదం ఎక్కడ నిలిచిందో చూడు. గాజు ఉన్నాడంటుంది, గొట్టం లేడంటుంది. ఇద్దరు సాక్షులు ఎదురెదురు మాటలు చెబుతున్నప్పుడు మూడో సాక్షిని పిలవాలి. ఆ సాక్షి తూటా. అక్కడ ఎవరూ లేకపోతే అది రాతిమెట్టుకు తగిలి రాయి చిట్లుతుంది, నీ గురి కుదిరిందని కూడా తేలుతుంది. ఇల్లు తాళం, హెర్మీనా పట్నంలో. వచ్చే ఆదివారం నడిమధ్యాహ్నం, లోయలో జనమంతా భోజనాల దగ్గర ఉండగా, ఒక్క తూటా పేల్చు. రాయి దావా వెయ్యదు.

చట్టం ఒప్పదని నాకు తెలుసు. చట్టం నేను చదువుతున్నదే. నువ్వు పిచ్చివాడివి కావడం కన్నా ఒక మెట్టు చిట్లడం నయం. బాధ్యత నాది. నేను చెబుతున్నాను. కాల్చు.

బ్లాంక


బ్రాటిస్లావా,
నవంబరు, శనివారం

అన్నయ్యా,

కాల్చకు.

ఇదే మాట తంతి కూడా ఇచ్చాను. మీ తపాలా కార్యాలయం మధ్యాహ్నంతో మూసేశారని, సోమవారం గానీ తెరవరని ఇక్కడి అమ్మాయి చెప్పింది. మీ ఊళ్ళో ఫోను ఉన్నదీ ఆ గదిలోనే. రైలు దిగితే మీ లోయకు ఆదివారం బస్సు లేదు. ఈ ఉత్తరం నిన్ను వేళకు చేరదని తెలిసీ రాస్తున్నాను. చేతులు ఊరుకోవడం లేదు.

నేను అబద్ధమాడాను. అమ్మమ్మను అడగలేదు. ఆవిడ నిద్రపోతుండగా పెట్టె తెరిచాను. ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర, నీకు ఎంత చక్కటి తర్కం రాశానో గొప్పలు చెబుతుంటే అమ్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవరి తలుపు?" అంది.

హెర్మీనాదన్నాను.

"హెర్మీనా నాన్న బ్లజెయ్ అప్పటికి నీకన్నా పదేళ్ళు పెద్ద, అంతే" అంది అమ్మమ్మ. తరువాత కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుని, గోడకు చెబుతున్నట్టు చెప్పింది. ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"ఆ చలికాలం మనవాళ్ళలో ఎవడో జర్మన్లకి కబుర్లందిస్తున్నాడు. ఎవడో తెలీదు. మధ్యాహ్నం ఇంటి ముందుకొచ్చి టోపీ తీస్తే అదే సైగ అని మాత్రం తెలిసింది. మీ తాత, షిమోను ఆ అటక మీద పడుకుని కాచారు. మీ తాత కన్ను, అతని వేలు. బ్లజెయ్ బయటికొచ్చాడు, టోపీ తీశాడు. మీ తాత 'వీడే' అన్నాడు. అంతే. ఒసే పిచ్చిదానా, మధ్యాహ్నం చర్చి గంటకి టోపీ తియ్యని మొగాడు మన లోయలో ఉన్నాడా? దేవదూత ప్రార్థనకి తీశాడు వాడు. ఆ వారం గంట మోగలేదు, గంట కొట్టే ముసలాయన్ని పట్టుకుపోయారు. గంట మోగకపోతే వీళ్ళకి మధ్యాహ్నమని తోచలేదు. వాడు మాత్రం పొద్దు చూసి తీశాడు."

అసలు ద్రోహి మరొకడని ఆ చలికాలంలోనే బయటపడిందట. ఈ ఇద్దరూ పెదవి విప్పలేదు. "నేను చూశానంతే" అని ఇతను, "నేను నొక్కానంతే" అని అతను. ఆ రెండు మాటలూ మళ్ళీ ఒకచోట కలవకూడదని తుపాకీని రెండు చేశారు. హెర్మీనా మాత్రం ద్రోహి కూతురిగానే పెరిగింది.

"చూసినోడు చెప్పాడు, చెప్పింది విన్నోడు నొక్కాడు" అంది అమ్మమ్మ. "ఇప్పుడు నువ్వేం చేశావే?"

చూడకుండానే చెప్పాను, అన్నయ్యా. మా తాత కనీసం చూశాడు.

బ్లాంక


హోర్నా స్త్రాన్,
నవంబరు, సోమవారం

బ్లాంకకు,

తంతీ, నీ శనివారం ఉత్తరమూ ఈ ఉదయం కలిసే చేరాయి. నీ బుధవారం ఉత్తరం శనివారమే చేరింది. ముందే చెబుతున్నాను, ఎవరూ చావలేదు. ఇక నిదానంగా చదువు.

నిన్న తూటా ఒకటి బల్ల మీద పెట్టుకున్నాను. నీ మాట నాకు బలమిచ్చిందని ఒప్పుకోవాలి. పెద్ద చదువులు చదివిన పిల్ల, తన బాధ్యతంది, ఇక నాదేముంది అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఎంత హాయి ఉందో చెప్పలేను. తూటా ఎక్కించి గాజుకు కన్నానించాను. అతను ఎప్పటిలాగే ముల్లు కొసన ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది.

పక్కన ఇంకొకడు ఉన్నాడు.

నీ తర్కంలో ఈ రెండోవాడి ప్రస్తావన లేదు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. అప్పుడు చేతులు వాటంతటవే పాత వరుసకు వెళ్ళాయి: గొట్టం, గాజు, గొట్టం. తూటా తీసి, బోల్టు లాగి పక్కన పెట్టి, గొట్టంలో చూశాను. ఒక్కడున్నాడు. నీలం టోపీ పెట్టుకుని, మెట్టు దిగి పక్కన మంచులో నిలబడి, సిగరెట్ వెలిగించుకుంటున్నాడు.

హెర్మీనా కొడుకు ఒటో. గనిలో సెలవు దొరికిందని మిత్రుడి కారులో వచ్చి, అమ్మ పట్నంలో ఉందని తెలియక తలుపు తడుతున్నాడట.

కోటు కూడా వేసుకోకుండా లోయ దిగి పరిగెత్తాను. నన్ను చూసి "ఏంటి సిరిల్, ఇల్లు తగలబడిందా?" అన్నాడు.

"మెట్టు మీద ఉన్నావా నువ్వు?" అన్నాను.

"ఉన్నా. దిగా."

"ఎందుకు దిగావు?"

సిగరెట్ నుసి దులిపి, తలుపు వైపు ఒకసారి చూసి నవ్వబోయి మానుకున్నాడు. "నవ్వనంటే చెప్తా. వెనకనించి ఎవరో 'జరగవోయ్, అది నా చోటు' అన్నారు. తిరిగి చూస్తే తలుపే. మా తాతేమో అనిపించింది. తమాషా ఏంటంటే, మా తాత గొంతెలా ఉంటుందో నాకు తెలీదు."

అతణ్ణి ఇంటికి తీసుకొచ్చి క్యాబేజీ పులుసు పెట్టాం. రెండు గిన్నెలు తాగాడు. మీ వదిన అతని భుజాన్ని ఊరికే తాకి చూస్తూ ఉంది. బ్లజెయ్ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఇప్పుడు తెలిసినా, చెప్పాల్సింది అతనికి కాదు, ముందు వాళ్ళమ్మకు.

బోల్టును ఈ పొట్లంలో నీకు పంపుతున్నాను. గాజు నా దగ్గరే ఉంటుంది. కిందటిసారి మీ ఇల్లు చూసి చెప్పింది, మా ఇల్లు నొక్కింది. ఈసారి చూడడం మా వంతు.

చెప్పడం మాత్రం నీకే వచ్చు.

సిరిల్


బన్‌స్కా బిస్త్రిత్సా,
డిసెంబరు

అన్నయ్యకు,

హెర్మీనా చెల్లెలి ఇంటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. అమ్మమ్మ వస్తానంది. వద్దన్నాను, ఆవిడ వినలేదు. మా వంశంలో వాదం ఎటువైపు నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

చెప్పాను. అలంకారాలు లేకుండా, మా తాత పేరు ముందు పెట్టి చెప్పాను. మధ్యలో అమ్మమ్మ ఏడ్చింది, హెర్మీనా ఏడవలేదు. బంగాళాదుంపల తొక్క తీస్తూనే వింది. తొక్క ఎక్కడా తెగలేదు.

చివరకు అడిగింది: "బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మీ తాతకి తెలుసా ఆ సంగతి?"

తెలుసన్నాను. ఒకే ఊరు కదా.

"ఆయన పిల్లలకి మిఠాయి పంచుతూ నా దగ్గరికొచ్చేసరికి రెండిచ్చేవాడు. ఎందుకో అనుకునేదాన్ని" అంది. క్షమించమని అడగబోయాను. కత్తి పట్టుకున్న చేత్తోనే ఆపింది. "అది తర్వాత. ముందు ఇది చెప్పు. గుండు తగిలేసరికి ప్రార్థన అయిపోయిందా? టోపీ మళ్ళీ పెట్టుకున్నాడా?"

ఏ సభలోనూ నాకిలా జరగలేదు. ఆ జవాబు ఉంటే గింటే నీ కళ్ళ దగ్గరుంది. నువ్వు ఎప్పుడైనా చివరిదాకా చూశావా?

ఆవిడ గురువారం బస్సుకు మీ ఊరొస్తుంది. తనే చూస్తానంటోంది. బోల్టు నా సొరుగులో ఉంది, తాళంచెవి నా మెడలో ఉంది. గాజును మళ్ళీ బిగించడం తప్పా ఒప్పా అన్న వాదం నేను చెయ్యను.

బ్లాంక


హోర్నా స్త్రాన్,
డిసెంబరు

బ్లాంకకు,

వచ్చింది. మీ వదిన చెయ్యి పట్టుకుని అటక మెట్లెక్కించింది. గాజులో చూసిన ఆ రోజు తరువాత తనూ ఎక్కడం అదే. బోల్టు లేని తుపాకీకి గాజు బిగించి, ఆవిడకు బల్ల దగ్గర దిండు వేశాను. మధ్యాహ్నం గంట మొదలైంది. హెర్మీనా కన్నానించింది. నేను తలుపు వైపు చూడలేదు, ఆవిడనే చూశాను.

ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఎవరితోనో కలిసి చెబుతున్నట్టు, వాళ్ళు ఆగినచోట ఆగుతూ, వాళ్ళు ఎత్తుకున్నచోట ఎత్తుకుంటూ. గంట ఆగిపోయాక కూడా చాలాసేపు కదిలాయి. మధ్యలో ఒకసారి మాత్రం తల ఎత్తకుండానే, "ఇంత చిన్నవాడా" అంది.

తరువాత నిటారుగా కూర్చుని కన్ను తుడుచుకుంది.

"పెట్టుకున్నాడు" అంది. "ఇక విప్పెయ్యి, నాయనా."

విప్పేశాను.

సిరిల్